సరుగుడుకో దెబ్బ, చింతకో దెబ్బ

విజయవాడ పటమటలో మా బాబాయ్ మెస్ నడుపుతాడు. గ్యాస్ సిలిండర్లున్నా అన్నం, సాంబారు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీదే. వారానికోసారి ట్రాలీ ఆటోలో దుంగలు దిగుతాయి. కట్టెలు కొట్టే పెద్దాయన ఒకాయన వచ్చి వాటిని పొయ్యిలో పట్టే పేళ్ళుగా చేసి వెళ్తాడు. అరవై దాటిన మనిషి, అరిగిపోయిన పాత గొడ్డలి. చూసి జాలేసి బాబాయ్ పోయిన వేసవిలో ఆన్‌లైన్‌లో 3.5 కిలోల కొత్త గొడ్డలి ఒకటి తెప్పించాడు. ముందువైపు మందంగా, లావుగా దిగే అంచు. వెనకవైపు సమ్మెటలా బల్లపరుపు. ఇంగ్లీషులో దీన్ని మాల్ అంటారు. మనం సమ్మెట గొడ్డలి అందాం.

పెద్దాయన ఒక పూట దాంతో కొట్టి, తుడిచి, జాగ్రత్తగా గోడకి ఆనించాడు. మళ్ళీ తన పాత గొడ్డలే తీశాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఎందుకు పక్కన పెట్టారని అడిగితే, "సరుగుడుకి ఇదెందుకు సార్, ఊరికే చెయ్యి లాగుద్ది. చింత మొద్దు రానీండి, అప్పుడు తీస్తా" అన్నాడు.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఆ ఒక్క మాట విప్పి చూస్తే చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. చెట్టు కొట్టడం వేరు, కట్టె చీల్చడం వేరు. చెట్టు కొట్టేటప్పుడు గొడ్డలి పోగులకి అడ్డంగా దిగి వాటిని తెగ్గొడుతుంది. అక్కడ పదును కావాలి, అంచు పల్చగా ఉండాలి. కట్టె చీల్చేటప్పుడు అంచు చేసే పని మొదటి అంగుళంలోనే అయిపోతుంది. ఆ తర్వాత చీల్చేది అంచు కాదు, బుగ్గలు. గొడ్డలి తల రెండు పక్కలా ఉబ్బి ఉండే భాగం కట్టెను అటూ ఇటూ నెడుతుంది. పగులు అంచు కన్నా ముందుకు పరిగెడుతుంది. బాగా చీలే కట్టెలో చూడండి, గొడ్డలి సగం కూడా దిగదు, మొద్దు మాత్రం అడుగుదాకా రెండవుతుంది.

ఇది ఎందుకింత సులువంటే, కట్టె కట్టుబడే అలాంటిది. సన్నటి గొట్టాలు వేలకొద్దీ నిలువునా పేర్చి, జిగురుతో అంటించినట్టు ఉంటుంది. గొట్టాల గోడలకు బలం సెల్యులోజ్. వాటిని ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురు ముఖ్యంగా లిగ్నిన్. అడ్డంగా తెంచాలంటే గొట్టాలన్నీ తెగాలి. నిలువునా చీల్చాలంటే జిగురు ఊడితే చాలు. 1921లో ఎ.ఎ. గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజినీరు గాజు ఎందుకు పగులుతుందో పరిశోధిస్తూ ఒక మూలసూత్రం చెప్పాడు. పగులు పాకాలంటే కొత్తగా ఏర్పడే ఉపరితలానికి సరిపడా శక్తి అందాలి. ఈ లెక్క కట్టెకి వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పోగుల వెంట చీల్చడానికి చదరపు మీటరుకి సుమారు 200 నుంచి 300 జౌళ్ళు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) చాలు. అడ్డంగా తెంచడానికి 10,000 జౌళ్ళ దాకా కావాలి.

25 సెంటీమీటర్ల లావు, 35 సెంటీమీటర్ల పొడవు ఉన్న మొద్దు తీసుకుందాం. నిట్టనిలువునా రెండు చేస్తే బయటపడే ముఖం 0.09 చదరపు మీటరు కన్నా కొంచెం తక్కువ. దానికి కావాల్సింది మహా అయితే ఓ పాతిక జౌళ్ళు. మనిషి కొట్టే ఒక్క దెబ్బలో సుమారు వంద జౌళ్ళు ఉంటాయి. అంటే ముడులు లేని, తిన్నటి కట్టె అయితే శక్తి కరువు అనే మాటే లేదు. మిగతాదంతా రాపిడికి, అంచు కింద కట్టె నలగడానికి, ముక్కలు ఎగిరిపడటానికి పోతుంది. సరుగుడు ఒక్క దెబ్బకి టప్పుమని విడిపోవడం వెనక ఉన్నది ఇదే. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల నుంచి వచ్చే ఈ కట్టె గట్టిది, బరువైనది, కానీ తిన్నగా పెరుగుతుంది, ఎండితే దానంతట అదే నెర్రెలిస్తుంది.

మరి బరువు సంగతి? చాలామంది అనుకునేది, గొడ్డలి ఎంత బరువుంటే దెబ్బ అంత గట్టిగా పడుతుందని. గతిజ శక్తి, అంటే కదిలే వస్తువుకుండే శక్తి లెక్కలో బరువు ఒకసారే వస్తుంది, వేగం రెండుసార్లు గుణించుకుంటుంది. 1.8 కిలోల తల సెకనుకి 10 మీటర్ల వేగంతో దిగిందనుకుంటే 90 జౌళ్ళు. అదే మనిషి 3.5 కిలోల తలను అంత వేగంగా తిప్పలేడు. 7.5 మీటర్లు అనుకుందాం. 98 జౌళ్ళు వస్తాయి. బరువు దాదాపు రెట్టింపైంది, దెబ్బలో శక్తి పదో వంతు కూడా పెరగలేదు. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న వేగాలే, కానీ ధోరణి ఇదే. కారణం మన కండరాల్లో ఉంది. నోబెల్ బహుమతి పొందిన ఎ.వి. హిల్ 1938లో దీన్ని కొలిచి చూపించాడు. కండరం ఎంత వేగంగా ముడుచుకుంటే అంత తక్కువ బలం ఇస్తుంది. బలం, వేగం రెండూ కలిసి ఎక్కువ పని జరిగేది గరిష్ఠ వేగంలో సుమారు మూడో వంతు దగ్గర. తల మరీ తేలికైతే మన శక్తి మన చేతుల్ని విసరడానికే ఖర్చవుతుంది. మరీ బరువైతే వేగమే పుట్టదు. ఒక్కొక్కరి ఒంటికి తగిన బరువు ఎక్కడో మధ్యలో ఉంటుంది. అరవై ఏళ్ళ భుజానికి, పాతికేళ్ళ భుజానికి అది ఒకటి కాదు.

అలసట లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. వంద దెబ్బలు కొడితే 1.8 కిలోల తలతో 180 కిలోలు తలపైకి ఎత్తినట్టు. 3.5 కిలోలదైతే 350. విజయవాడ మే నెల ఎండలో ఈ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

అయితే బరువైన దానికి న్యాయం చెయ్యాలి. మీటరున్నర ఎత్తు నుంచి ఊరికే వదిలేసినా అది 50 జౌళ్ళు తెస్తుంది. తేలికైనది అలా వదిలితే 26. అంటే సమ్మెట గొడ్డలికి ఒడుపు తక్కువున్నా ఫరవాలేదు. ఎత్తగలిగితే చాలు, మిగతాది భూమి లాగుతుంది. తేలికైన గొడ్డలికి పని జరగాలంటే వేగం ఉండాలి, వేగం రావాలంటే ఒడుపు ఉండాలి. ఎప్పుడో ఒకసారి కట్టెలు కొట్టేవాళ్ళకి బరువైనది సులువనిపించడం, రోజూ కొట్టేవాళ్ళు తేలికైనదే ఎంచుకోవడం నాకు ఇందుకే సహజంగా కనిపిస్తోంది.

కానీ నా దృష్టిలో బరువు కన్నా పెద్ద తేడా బుగ్గల కోణంలో ఉంది. మామూలు గొడ్డలి మొద్దులో ఇరుక్కుపోతే ఊడబెరకడం ఎంత నరకమో కొట్టినవాళ్ళకి తెలుసు. ఎందుకు ఇరుక్కుంటుంది? చీలలాంటి ఆకారం, అంటే ఒక కొన సన్నగా, రెండో కొన లావుగా ఉండేది, కట్టెలో దిగినప్పుడు రెండు పక్కల నుంచి కట్టె దాన్ని నొక్కుతుంది. ఆ నొక్కుడు దాన్ని పైకి తోస్తుంది, రాపిడి లోపలే పట్టి ఉంచుతుంది. ఎవరు గెలుస్తారన్నది కోణం తేలుస్తుంది. ఇనుముకీ కట్టెకీ మధ్య రాపిడి గుణకం 0.3 అనుకుంటే, రెండు బుగ్గల మధ్య కోణం సుమారు 33 డిగ్రీలు దాటితే చీల దానంతట అదే జారి బయటికి వస్తుంది. తక్కువైతే కూరుకుపోతుంది. చెట్లు కొట్టే పల్చటి గొడ్డలి ఈ గీతకి చాలా కింద ఉంటుంది. సమ్మెట గొడ్డలి దగ్గర్లోనో, పైనో ఉంటుంది. చీల్చడానికే చేసిన గొడ్డలి మధ్యేమార్గం. అంచు సన్నగా మొదలై, వెంటనే బుగ్గ ఉబ్బుతుంది.

కోణం పెంచితే ఊరికే రాదు మరి. లావాటి చీలని లోపలికి దించాలంటే ఎక్కువ బలం కావాలి. అందుకే లావు బుగ్గకి బరువు తల జోడీ. 3.5 కిలోలన్నది కొట్టడానికి కాదు, ఆ లావు బుగ్గని మొయ్యడానికి.

పెద్దాయన పాత గొడ్డలి బుగ్గ పల్చనే. ఇరుక్కోవాలి, కానీ ఇరుక్కోదు. దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. అంచు కట్టెను తాకే క్షణంలో ఆయన మణికట్టు చిన్నగా పక్కకి తిరుగుతుంది. తల ఒరిగి, చీల కాస్తా గునపంలా పనిచేస్తుంది. ఒక పక్క ముక్క ఎగిరిపడుతుంది. గొడ్డలి లోతుకి దిగే అవసరమే రాదు. ఫిన్లాండ్‌లో హేక్కి కార్నా అనే ఆయన ఇదే ఒడుపుని పనిముట్టులోనే పెట్టాడు. ఆయన గొడ్డలి తల బరువు ఒక పక్కకి ఉంటుంది, తగలగానే దానంతట అదే తిరుగుతుంది. పటమట పెద్దాయనకి ఆ సంగతి తెలీదు. మణికట్టుకి తెలుసు.

ఇంకొకటి గమనించాను. కొట్టే ముందు ఆయన ప్రతి మొద్దునీ తిప్పి కోసిన ముఖం చూస్తాడు. ఎండిన దుంగ ముఖం మీద నడిమి నుంచి బెరడు వైపు నక్షత్రంలా నెర్రెలుంటాయి. కట్టె ఎండేటప్పుడు వలయాల వెంట కుంచించుకునేది, నడిమి నుంచి బయటికి కుంచించుకునే దానికి ఇంచుమించు రెట్టింపు. ఆ తేడాని కట్టె తట్టుకోలేక పగులుతుంది. ఆ దిక్కులోనే నడిమి నుంచి బెరడుదాకా సన్నటి కణాల వరసలు కూడా ఉంటాయి, వాటి వెంట జిగురు బలహీనం. కాబట్టి నెర్రె ఎటుంటే అటే దెబ్బ. సగం పని ఎండే చేసి పెట్టింది. మొద్దు మరీ లావైతే నడిమిన కొట్టకుండా అంచుల నుంచి పలకలుగా తీస్తాడు. ముడి ఉంటే దానికి దూరంగా ఉన్న కొనవైపు నుంచి మొదలుపెడతాడు. కొమ్మ మొదలు లోపల పాతుకుని ఉంటుంది, దాని చుట్టూ పోగులు మెలితిరిగి ఉంటాయి.

ఇక చింత. దాని కథే వేరు. చింత, వేప లాంటి చెట్లలో పోగులు తిన్నగా పైకి పోవు. కాండం చుట్టూ కొన్ని పొరలు కుడికి వంగి తిరిగితే, వాటి మీద పెరిగే పొరలు ఎడమకి తిరుగుతాయి. జడలా ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. ఇలాంటి కట్టెలో పగులు తిన్నగా పాకాలంటే దారిలో పోగుల్ని తెంచుకుంటూ పోవాలి. పైన వేసిన పాతిక జౌళ్ళ లెక్క ఇక్కడ పనికిరాదు. చీలినట్టే ఉంటుంది, కానీ రెండు ముక్కల మధ్య నార వంతెనల్లా పట్టుకునే ఉంటుంది. మటన్ కొట్టులో కత్తి దెబ్బలన్నీ తినే మొద్దు చింతదే ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఏళ్ళ తరబడి నరికినా చీలదు. అక్కడ వరమైన గుణమే పొయ్యి దగ్గర శాపం.

ఇక్కడే సమ్మెట గొడ్డలికి పని పడుతుంది. లావు బుగ్గ పగుల్ని తెరిచిపెట్టి ఉంచుతుంది, నార తెగేదాకా నెడుతుంది. అదీ చాలకపోతే పగుల్లో ఇనుప చీల పెట్టి, గొడ్డలి తిప్పి వెనకవైపుతో కొట్టొచ్చు. దాని వెనకభాగం అందుకు తగ్గట్టే తయారవుతుంది. మామూలు గొడ్డలిని మాత్రం సమ్మెటలా వాడకండి, దాని వెనక సమ్మెటతో కొట్టకండి. కామ (కర్ర పిడి) దూర్చే రంధ్రం దగ్గర తల పల్చగా ఉంటుంది, అక్కడ విచ్చుకుంటుంది. ఇనుము మీద ఇనుము పడితే రవ్వలాంటి ముక్కలు లేచి కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది. చీల వాడే రోజు కళ్ళద్దాలు తప్పనిసరి.

చింత మొద్దుని పచ్చిగా ఉండగానే కొట్టాలంటాడు పెద్దాయన. కట్టెలో తేమ సుమారు 30 శాతం కన్నా తగ్గే కొద్దీ అది గట్టిపడుతుంది. సరుగుడుకి ఎండితే నెర్రెలు తోడొస్తాయి కాబట్టి ఆ గట్టిదనం అడ్డు కాదు. చింతలో నెర్రెలు పడ్డా అవి తిన్నగా పోవు, గట్టిదనమే మిగులుతుంది. చీల్చాక ఎండటం ఎలాగూ త్వరగానే అవుతుంది. బెరడు తేమని బయటికి పోనివ్వదు. 20 సెంటీమీటర్ల లావు దుంగని నాలుగు పేళ్ళు చేస్తే, బెరడు మొత్తం వైశాల్యం కన్నా ఎక్కువ కొత్త ముఖం గాలికి తెరుచుకుంటుంది.

కామ గురించి ఒక మాట. ఎండాకాలం కామ కర్ర కుంచించుకుని తల వదులవుతుంది. చాలామంది రాత్రి నీళ్ళలో నానబెడతారు. పొద్దున్నే బిగుసుకుంటుంది నిజమే. కానీ ఇనుప రంధ్రంలో ఉబ్బడానికి చోటు లేక కర్ర తనలో తానే నలుగుతుంది. మళ్ళీ ఎండాక ముందుకన్నా వదులవుతుంది. తల ఊడి ఎగిరితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. కొత్త చీల దిగ్గొట్టడమో, కామ మార్చడమో మేలు.

బాబాయ్ ఇప్పుడు రెండూ ఉంచాడు. శ్రావణంలో ఎవరో ఇంటి ముందు చింతచెట్టు తీయిస్తే నాలుగు మొద్దులు మెస్‌కి వచ్చాయి. పెద్దాయన గోడ దగ్గరికెళ్ళి, అడక్కుండానే సమ్మెట గొడ్డలి తీశాడు. అంచుల నుంచి పలకలు తీసుకుంటూ, రెండు చీలలు మార్చి మార్చి దించుతూ మధ్యాహ్నానికి మూడు మొద్దులు ముగించాడు. నాలుగోది చెట్టు మొదటి భాగం. అన్ని దిక్కులా ముడులు. పది దెబ్బలకి అంచు గాట్లు పడ్డాయి తప్ప కదల్లేదు. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో దొర్లించి పెరటి మధ్యలో నిలబెట్టాడు. మోకాలి కన్నా కొంచెం తక్కువ ఎత్తు. ఒక సరుగుడు ముక్క తెచ్చి దాని మీద పెట్టి, పాత గొడ్డలి అందుకున్నాడు.