లైఫ్‌టైమ్ ఎవరిది? మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ల అపోహలు – వాస్తవాలు

కోనసీమలో చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. కొబ్బరి తోట పక్కన పాత డాబా, గోడలకి ఫోమ్ షీట్లు, ఒక కంప్యూటర్, రెండు మైకులు. వచ్చే పనులు క్రైస్తవ గీతాలు, అయ్యప్ప భజనలు, పెళ్లి పాటలు, సంక్రాంతికి ప్రభల తీర్థాల డీజే పాటలు. ఎన్నికలొస్తే అభ్యర్థుల పాటలు. ఏమీ లేకపోతే బట్టల కొట్టు కోసం ఆటో మైకు ప్రచారం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేది ఎక్కువగా ఒకటే. "అన్నా, లైఫ్‌టైమ్ ఆఫర్ అంట, ఇవాళే ఆఖరు. తీసేసుకోనా, లేపోతే నెలనెలా కట్టేది తీసుకోనా?" లైఫ్‌టైమ్ అంటే ఒకసారి డబ్బు కడితే ఆ తర్వాత వచ్చే కొత్త వెర్షన్లు ఉచితం అని; నెలనెలా కట్టేది చందా. ప్రతి ఒక్కరికీ అరగంట చెప్పడం కన్నా ఒకసారి రాసి పెట్టేద్దామని ఇది.

అపోహ: లైఫ్‌టైమ్ అంటే నేను బతికున్నంత కాలం.

ఆ కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్‌ని తయారుచేస్తున్నంత కాలం అని చదువుకోండి. ఈ తేడా అర్థం కావాలంటే కేక్‌వాక్ సంగతి తెలియాలి.

కేక్‌వాక్ 1987లో మొదలైన పాత సంస్థ. విండోస్ కంప్యూటర్ల మీద పాటలు చేసేవాళ్లకి వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సోనార్ బాగా తెలుసు. 2013లో గిటార్ల కంపెనీ గిబ్సన్ దాన్ని కొనేసింది. 2016లో సోనార్ ప్లాటినం తీసుకున్నవాళ్లకి జీవితకాలం అప్‌డేట్లు ఇస్తామని ఆఫర్ పెట్టారు. చాలామంది కొన్నారు. మంచి సాఫ్ట్‌వేరే, పాత కంపెనీయే, అనుమానించడానికి ఏముంది? 2017 నవంబరులో గిబ్సన్ ఒక ప్రకటన చేసింది: కేక్‌వాక్ సాఫ్ట్‌వేర్ల తయారీ ఆపేస్తున్నామని. లైఫ్‌టైమ్ ఏడాదిన్నరకే ముగిసింది. ఆ తర్వాత 2018 మేలో గిబ్సనే దివాలా పిటిషన్ వేసింది.

కథ అక్కడితో ఆగలేదు. 2018 ఫిబ్రవరిలో సింగపూర్‌కి చెందిన బ్యాండ్‌ల్యాబ్ ఆ సాఫ్ట్‌వేర్ హక్కులు కొని, ఏప్రిల్‌లో దాన్నే అందరికీ ఉచితంగా ఇచ్చింది. అంటే లైఫ్‌టైమ్‌కి డబ్బు కట్టినవాడూ, పైసా కట్టనివాడూ ఒకే వరుసలో నిలబడ్డారు. కాకపోతే వేరే కంపెనీల నుంచి తెచ్చి సోనార్‌తో కలిపి ఇచ్చిన ప్లగిన్లు (వాద్యాల కోసం, ఎఫెక్టుల కోసం లోపల తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉచిత రకంలో లేవు. అవి పాత కొనుగోలుదారులకే మిగిలాయి.

మా వైపు వాళ్లకి ఇంకోలా చెప్తాను. కొబ్బరి చెట్టు పెడితే తరానికి సరిపడా కాస్తుందంటాం. అది అబద్ధం కాదు. 1996 నవంబరు తుఫానులో నేలకొరిగిన తోటలు వేసిన వాళ్లు కూడా అలా అనుకునే వేశారు.

మాట నిలబెట్టుకుంటున్నవాళ్లూ ఉన్నారు. బెల్జియం కంపెనీ ఇమేజ్-లైన్ వాళ్ల పాటల తయారీ సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియోకి లైఫ్‌టైమ్ ఉచిత అప్‌డేట్లు ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి. దాన్ని ఫ్రూటీలూప్స్ అని పిలిచిన రోజుల్లో కొన్నవాళ్లు కూడా ఇప్పటి వెర్షన్ వాడుకుంటున్నారు. అయితే ఆ లైఫ్‌టైమ్ మీరు కొన్న ఎడిషన్‌కే. ఫ్రూటీ ఎడిషన్ కొన్నవాడు ఎన్నేళ్లు ఎదురుచూసినా అది ప్రొడ్యూసర్ ఎడిషన్ అయిపోదు, తేడా డబ్బు కట్టాల్సిందే. 2023లో వాళ్లే ఎఫ్ఎల్ క్లౌడ్ పేరుతో శాంపిళ్లు (పాటల్లో వాడుకునే చిన్న శబ్దం ముక్కలు) వగైరాలకి చందా కూడా మొదలుపెట్టారు. అది వేరే సరుకు, ఇష్టమైతేనే తీసుకోవచ్చు. సీరమ్ అనే సింథ్ (కంప్యూటర్‌లో కొత్త శబ్దాలు పుట్టించే వాద్యం) సంగతి కూడా చెప్పుకోవాలి. 2014లో వచ్చింది. 2025 మార్చిలో సీరమ్ 2 వస్తే పాతది కొన్నవాళ్లందరికీ దాన్ని తయారుచేసే ఎక్స్‌ఫర్ రికార్డ్స్ ఉచితంగా ఇచ్చింది. పదేళ్ల కిందటి కొనుగోలుకి అంత పెద్ద కొత్త వెర్షన్ ఇవ్వడం ఈ రంగంలో ఎంతో అరుదు.

అందుకని ఎవరైనా లైఫ్‌టైమ్ అంటే నేను ముందు ఆలోచించేది ఒకటే. పాత కొనుగోలుదారుల దగ్గర మళ్లీ ఎప్పుడూ తీసుకోకపోతే, ఈ కంపెనీకి వచ్చే ఏడాది జీతాలకి డబ్బు ఎక్కడిది? ఎఫ్ఎల్ స్టూడియోకి ఏటా కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు లక్షణంగా దొరుకుతున్నారు, వాళ్ల బండి నడుస్తుంది. ఎప్పుడూ లైఫ్‌టైమ్ మాట ఎత్తని కంపెనీ హఠాత్తుగా మూడు రోజుల గడువుతో ఆ ఆఫర్ పెడితే మాత్రం నాకు కాస్త భయం. వాళ్లకి రేపటి అప్‌డేట్ల కన్నా ఇవాళ్టి డబ్బు ఎక్కువ అవసరమైందేమో అనిపిస్తుంది. ప్రతిసారీ అలాగే అవుతుందని అనను. అయినా ఆ రోజు కొనను.

అపోహ: ఒకసారి కొనేస్తే ఇక జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు.

"కొనడం" అనే మాట కింద నాలుగైదు రకాల ఒప్పందాలున్నాయి. ఏబుల్టన్ లైవ్, క్యూబేస్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు కొంటే ఆ వెర్షన్ మీదే, అందులో వచ్చే చిన్న అప్‌డేట్లు ఉచితం. నంబరు మారి పెద్ద వెర్షన్ వస్తే అప్‌గ్రేడ్‌కి మళ్లీ కట్టాలి. బిట్‌విగ్ వాళ్లది ఏడాది లెక్క: కొన్న రోజు నుంచి 12 నెలల్లో వచ్చినవన్నీ మీవి, ఆ తర్వాతి కొత్తవి కావాలంటే ప్లాన్ పొడిగించుకోవాలి. పొడిగించకపోయినా చేతిలో ఉన్నది పోదు.

నాకు బాగా నచ్చిన ఒప్పందం రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ది. వ్యక్తిగతంగా వాడుకునేవాళ్లకీ, ఏడాది రాబడి 20 వేల డాలర్లు దాటని చిన్న వ్యాపారాలకీ లైసెన్స్ 60 డాలర్లు. మా జిల్లాలో స్టూడియోలన్నీ దాదాపు ఈ కిందకే వస్తాం లెండి. ఒక లైసెన్స్ రెండు పెద్ద వెర్షన్లకి సరిపోతుంది. 7 ఉన్నప్పుడు కొంటే 8.99 వరకూ మీదే. లైఫ్‌టైమ్ అనే పెద్ద మాట లేదు, ఎక్కడ ఆగుతుందో ముందే రాసి ఉంది. కొనకముందు 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు.

ఆపిల్ వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో, మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్) ఉన్నవాళ్లకి 199.99 డాలర్లు. 2013లో లాజిక్ ప్రో ఎక్స్ కొన్నవాళ్లకి 2024లో లాజిక్ ప్రో 11 కూడా ఉచితంగానే వచ్చింది. లైఫ్‌టైమ్ అని ఎక్కడా ప్రకటించకుండానే పదేళ్లు ఇచ్చారు. కానీ కొత్త లాజిక్ నడవాలంటే కొత్త మ్యాక్ ఓఎస్ కావాలి, కొత్త ఓఎస్ ఎక్కాలంటే ఏదో ఒక రోజు కొత్త మ్యాక్ కావాలి. ఖర్చు అక్కడ ఉంటుంది. అదే లాజిక్ ఐప్యాడ్‌లో అయితే 2023లో వచ్చినప్పటి నుంచీ చందానే.

విండోస్ వాళ్లకీ ఈ బెడద తప్పదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంతంగా కొన్న పాత ప్లగిన్ ఈరోజు పనిచేస్తుంది, రేపు కంప్యూటర్ మారిస్తే పనిచేస్తుందో లేదో. 2019లో మ్యాక్ ఓఎస్ కెటలీనా వచ్చి పాత రకం 32 బిట్ సాఫ్ట్‌వేర్లన్నిటికీ తలుపు మూసేసినప్పుడు, సొంత లైసెన్సులున్నవాళ్లు కూడా బయటే నిలబడ్డారు.

అపోహ: చందా అంటే పచ్చి దోపిడీ.

కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. 2023 మార్చిలో వేవ్స్ కంపెనీ ప్లగిన్లని విడిగా అమ్మడం మానేసి, ఇకనుంచి చందా మాత్రమే అంది. ప్రపంచమంతా ఎంత గొడవ అయిందంటే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గి, సొంతంగా కొనుక్కునే పద్ధతిని మళ్లీ తెచ్చింది. అప్పట్నుంచీ చందా అనే మాట వింటేనే మనవాళ్లు మండిపడుతున్నారు.

కానీ కౌలుకి చేసేవాడు బుద్ధిలేనివాడా? డెల్టాలో సగం వ్యవసాయం నడిచేదే వాళ్ల వల్ల. పొలం కొనే డబ్బు లేనప్పుడు కౌలే దారి. అలాగే ఒక సినిమా పని మూడు నెలలకి వచ్చిందనుకోండి, వాళ్లు సెషన్లన్నీ (ట్రాకులన్నీ విడివిడిగా ఉండే అసలు ఫైళ్లు) ప్రో టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే కావాలన్నారనుకోండి. ఆ మూడు నెలలకి చందా కట్టి, పని అయ్యాక ఆపేయడమే లెక్కకి వస్తుంది. నేర్చుకునే మొదటి ఏడాది కూడా అంతే. ఏ ప్లగిన్ మీ చేతికి అలవాటవుతుందో తెలియకముందే వేలకి వేలు పోసి కొనడం కన్నా నాలుగు నెలలు అద్దెకి వాడి చూడటం నయం.

కౌలులో ఉన్న చిక్కు చందాలోనూ ఉంది. పంట మునిగినా కౌలు బస్తాలు కొలవాలి. మా పని అంతా సీజన్ల మీద నడుస్తుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప పాటలు, క్రిస్మస్ పాటలు, తీర్థాలు, నిద్ర ఉండదు. ఆషాఢంలో, మూఢాల్లో గదికి తాళం వేసినా అడిగేవాడు లేడు. ఆ నెలల్లో కూడా చందా కట్టవుతూనే ఉంటుంది. అందుకే నేను ఏడాది చందాలు తీసుకోను. కాస్త ఎక్కువైనా నెలవారీదే తీసుకుని, ఆషాఢం వచ్చేసరికి ఆపేస్తాను.

ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది, మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. కడుతూ కడుతూ సొంతం చేసుకోవడం. 189 డాలర్ల సీరమ్‌ని స్ప్లైస్ అనే ఆన్‌లైన్ సంస్థ వాళ్లు నెలకి 9.99 డాలర్ల చొప్పున ఈ పద్ధతిలో ఇచ్చారు. దాదాపు పంతొమ్మిది నెలలు కడితే సొంతం, మధ్యలో చేతిలో లేకపోతే ఆపి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, వడ్డీ లేదు. ఫ్రిజ్జు వాయిదాల మీద కొన్నట్టే.

అపోహ: సైట్‌లో చూపించిన ధరే మనకి పడుతుంది.

విదేశీ కంపెనీ నుంచి డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మీద మనకి 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కొన్ని సైట్లలో అది చివరి పేజీలో కలుస్తుంది. పైన డాలర్ మార్పిడికి బ్యాంకు తీసుకునేది ఉంది. కొనేముందు ఆఖరి పేజీ దాకా వెళ్లి ఆ అంకె చూసి అప్పుడు పోల్చండి. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్ల లెక్క వేరు, ఆడిటర్‌ని అడగండి.

చందా కట్టేవాళ్లకి ఇంకో తలనొప్పి. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ కొత్త నిబంధన వచ్చింది. కార్డు నుంచి ప్రతి నెలా వెళ్లే డబ్బుకి ముందుగా మన అనుమతి నమోదై ఉండాలి, 24 గంటల ముందు మెసేజ్ రావాలి. విదేశీ కంపెనీ ఈ ఏర్పాటులో లేకపోతే పేమెంట్ ఫెయిల్ అవుతుంది. మీ ఖాతాలో డబ్బుంటుంది, చందా మాత్రం ఆగిపోతుంది, అదీ సరిగ్గా మిక్స్ ఇవ్వాల్సిన రాత్రి. డిసెంబరులో నాకు ఇలాగే అయింది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అపోహ: అప్‌డేట్ వస్తే వెంటనే ఎక్కించాలి.

వద్దండి. పని మధ్యలో అసలే వద్దు. చేతిలో ఉన్న పాటలు ఇచ్చేశాక, పాత ఇన్‌స్టాలర్ దాచుకుని, అప్పుడు ఎక్కించండి. ఉచితంగా వచ్చింది కదా అని రాత్రికి రాత్రే ఎక్కించి, పొద్దున్నే సింగర్‌ని కూర్చోబెట్టి ప్లగిన్ల కోసం వెతుక్కున్నవాళ్లని చూశాను.

అపోహ: క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) ఉండగా ఈ గొడవంతా ఎందుకు?

నేనూ మొదట్లో వాడాను, దాచడం దేనికి. క్రాక్‌తో పాటు వచ్చిన వైరస్ ఒక హార్డ్ డిస్క్ మొత్తం తినేసింది. ఇప్పుడు బడ్జెట్ లేనివాళ్లకి ఉచితంగానో 60 డాలర్లకో మంచి సాఫ్ట్‌వేర్ దొరుకుతోంది. ఇంతకన్నా దీని గురించి రాయను.

అపోహ: చందా ఆపేస్తే చేసిన పాటలు పోతాయి.

దీనికి ఔను అనీ కాదు అనీ రెండూ చెప్పాలి. బయటికి తీసిన ఆడియో ఫైల్ మీదే, దాన్ని ఎవరూ లాక్కోలేరు. పోయేది సెషన్. అంటే మళ్లీ మార్చుకునే వీలు.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. రాజోలు వైపు ఒక పాస్టర్ గారికి ఆరు పాటల ఆల్బమ్ చేశాను. నాలుగేళ్ల తర్వాత ఆయన ఫోన్ చేసి, "బాబూ, మూడో పాట రెండో చరణంలో ఒక మాట మార్చాలి, పుస్తకంలో సరిదిద్దాం" అన్నారు. "ఆయ్, పది నిమిషాల పనండి, వచ్చేయండి" అన్నాను. సెషన్ తెరిస్తే సగం ట్రాకులు మూగబోయాయి. తీగ వాద్యాలు, గొంతుకి వేసిన ట్యూనింగ్, రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు ప్రతిధ్వని), అన్నీ అప్పట్లో చందా కట్టిన ఒక కంపెనీ ప్లగిన్లు. చందా ఆపి రెండేళ్లయింది. సరే, ఒక నెల కడదామంటే ఆ పాత ప్లగిన్ ఇప్పుడు వాళ్ల జాబితాలోనే లేదు. కొత్త వెర్షన్ వేస్తే పాత సెట్టింగులు ఎక్కలేదు. ఒక్క మాట కోసం పాట మొత్తం మళ్లీ వాయించి, మళ్లీ పాడించి ఇచ్చాను. ఆయన దగ్గర డబ్బు అడగలేకపోయాను, పొరపాటు నాదే కదా.

లైఫ్‌టైమ్ లైసెన్స్ ఉండుంటే ఇది తప్పేదా? చెప్పలేం. ఆ కంపెనీ మూతపడినా, లైసెన్స్ సరిచూసే యాక్టివేషన్ సర్వర్ ఆగినా, నా కంప్యూటర్ మారినా ఇదే గతి. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లోనూ ఇలాంటిదే ఉంది: ప్రాజెక్ట్ సేవ్ అవుతుంది, కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. తెలియక మూడు రోజులు పనిచేసి ఏడ్చిన కుర్రాడు మా పక్క ఊర్లోనే ఉన్నాడు.

అప్పట్నుంచి ప్రతి పాటకీ, డబ్బు చేతికొచ్చిన రోజే, ఒక ఫోల్డర్ చేస్తున్నాను. ప్రతి ట్రాక్ రెండుసార్లు వేవ్ ఫైల్‌గా తీస్తాను, ఎఫెక్టులతో ఒకటి, లేకుండా ఒకటి. అన్నీ పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలి, అప్పుడే ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా కుదురుగా కూర్చుంటాయి. కీబోర్డ్ వాయించినవన్నీ మిడి ఫైళ్లుగా (శబ్దం కాదు, ఏ స్వరం ఎప్పుడు నొక్కామో ఆ వివరం) కూడా. ఒక టెక్స్ట్ ఫైల్‌లో టెంపో, శృతి, వాడిన ప్లగిన్ల పేర్లు, వాటి వెర్షన్లు. మొత్తం రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి స్టూడియోలో, ఇంకోటి ఇంట్లో మేడ మీద, గోదావరికి వరదొచ్చినా తడవనంత ఎత్తులో. పాటకి అరగంట పడుతుంది. కిందటి నెల పాస్టర్ గారు మళ్లీ ఫోన్ చేశారు, ఈసారి ఐదో పాట.