చిన్న కారు ఖర్చులు: ఒక మెకానిక్ రాసిన అపోహలు - వాస్తవాలు

చిన్న కార్లు మరమ్మతు చేసే షెడ్డుకు బండితో పాటు యజమాని నమ్మకం కూడా ఒకటి వస్తుంది. బండిని విప్పి చూడవచ్చు గానీ నమ్మకాన్ని విప్పడం కష్టం. ఇన్నేళ్లలో నేను రాసిన పెద్ద బిల్లులలో ఎక్కువ భాగం, యజమాని ఎప్పుడో వాయిదా వేసిన ఒక చిన్న ఖర్చుకు కొనసాగింపుగా వచ్చినవే. అలాంటి వాయిదాలకు కారణమయ్యే నమ్మకాలను కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే నీళ్లు పోసుకుంటే చాలు.

కూలెంట్ అంటే రంగు కలిపిన నీళ్లని చాలామంది అనుకుంటారు. ఇథిలీన్ గ్లైకాల్‌ను, తుప్పు పట్టనివ్వని రసాయనాలను నీటితో కలిపి తయారుచేసే ద్రవం అది. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న మిశ్రమం బయటి పీడనంలోనే 106 డిగ్రీల పైన గానీ మరగదు. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి పీడనం వల్ల ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. వట్టి నీళ్లు పోస్తూ పోతే గ్లైకాల్ పలచబడి, ఇంజిన్ పై భాగమైన అల్యూమినియం హెడ్ లోపల తుప్పు, రేడియేటర్ సన్నని గొట్టాలలో గార మొదలవుతాయి.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: నీళ్లు అసలు ఎందుకు తగ్గుతున్నాయి? మూత బిగించిన వ్యవస్థలో వారం వారం కూలెంట్ తగ్గడానికి వీల్లేదు. ఒకసారి ఒక యజమాని నెలల తరబడి రోజూ నీళ్లు నింపుకుంటూ నడిపిన కారు నా దగ్గరకు తాడుతో లాగించుకుని వచ్చింది. మొదట్లో కారుతున్నది ఒక హోస్ పైపు క్లిప్పు దగ్గర మాత్రమే. నా దగ్గరకు వచ్చేసరికి హెడ్ వంగింది, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ కాలింది, ఆయిల్‌లో నీరు కలిసి పాల మీగడ రంగుకు తిరిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టడమంటే ఇదే. పైగా చాలా చిన్న కార్లలో వేడిని చూపే ముల్లు ఉండదు, ఎర్ర దీపం మాత్రమే ఉంటుంది. అది వెలిగేసరికే ఆలస్యమై ఉంటుంది. ముల్లు ఉన్న బండిలో కూడా కూలెంట్ పూర్తిగా కారిపోతే, సెన్సార్ ద్రవంలో కాకుండా ఖాళీలో ఉండిపోయి, ఇంజిన్ కాలిపోతున్నా వేడి తక్కువగానే చూపించవచ్చు.

ఇదే కోవలో, వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందనే సలహా కూడా వింటుంటాను. సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునే ఆ కవాటాన్ని తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి చేరడానికి చాలా సమయం పడుతుంది. అంతసేపూ ఇంజిన్ కంప్యూటర్ అదనంగా ఇంధనం పంపుతుంది, అందులో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. మైలేజీ పడిపోయిందని అదే మనిషి మళ్లీ వస్తాడు.

అపోహ: తక్కువ తిరిగే కారుకు ఆయిల్ మార్చనక్కరలేదు.

చిన్న ఇంజిన్‌లో పట్టేది మూడు లీటర్లకు అటూ ఇటూ ఆయిల్. మసిని, తేమను, వేడిని అంత తక్కువ ఆయిలే మోయాలి. రోజుకు రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి లోపల చేరిన తేమ, ఇంధనం ఆవిరై బయటకు పోవు. అందుకే తయారీదారులు కిలోమీటర్లతో పాటు నెలల గడువు కూడా ఇస్తారు. రెండింటిలో ఏది ముందు వస్తే దానినే పాటించాలి.

ఇక పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ మంచిదనే మాట. 0డబ్ల్యూ-20 అనే పలచటి ఆయిల్ కోసం రూపొందించిన ఇంజిన్‌లో అంతకంటే చాలా చిక్కటి ఆయిల్ పోస్తే, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పై భాగాలకు ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. అరిగిన పిస్టన్ రింగుల నుంచి వచ్చే పొగ కొన్నాళ్లు తగ్గవచ్చు. కారు అమ్మేవారికి ఆ సంగతి బాగా తెలుసు. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజిన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో నిర్దేశించిన ఆయిల్ కాకుండా వేరేది పోస్తే రబ్బరు పాడై, రాలిన ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. అప్పుడు పోయేది బెల్టు ఒక్కటే కాదు.

అపోహ: క్లచ్ పెడల్ లేదు కాబట్టి ఏఎంటీ (గేర్లు తనే మార్చుకునే) కారుకు క్లచ్ ఖర్చు లేదు.

తక్కువ ధర కార్లలో వచ్చే ఏఎంటీ మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మన కాలు చేసే పనిని అందులో యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది. లోపలి క్లచ్ ప్లేటు అదే. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టినా, అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో వదలకుండా పాకించినా ఆ ప్లేటు జారుతూ కాలుతూనే ఉంటుంది. మాన్యువల్ నడిపేవారు పెడల్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటుతో ఇదే నష్టం తెచ్చుకుంటారు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. బండి చిన్నదైనంత మాత్రాన ఆ కూలి తగ్గదు, ఇరుకైన బానెట్ కింద పని ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చమంటాం. అది మా లాభానికే అనుకునేవారు, ఆరు నెలలకు బేరింగ్ అరిస్తే మళ్లీ అదే కూలి ఇవ్వవలసి వస్తుందని లెక్క వేసుకోవాలి.

అపోహ: చెక్ ఇంజిన్ దీపం వెలిగితే స్కానర్ చెప్పిన సెన్సార్ మార్చాలి.

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను చదివే స్కానర్ లక్షణాన్ని చెబుతుంది; రోగాన్ని మనిషే వెతకాలి. పీ0171 అనే కోడ్‌కు అర్థం, మిశ్రమంలో ఇంధనానికి తగినదానికంటే గాలి ఎక్కువైందని మాత్రమే. చిట్లిన గాలి గొట్టం, బలహీనపడిన ఇంధన పంపు, మురికి పట్టిన గాలి సెన్సార్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆ నిజం తెలిపిన పాపానికి, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్‌ను మార్చేయడం మా వృత్తిలో సిగ్గుపడవలసిన అలవాటు. దీపం ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం కారణం సాధారణంగా తీవ్రమైన మిస్సింగే, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడమే. కాలని ఇంధనం వెళ్లి పొగను శుద్ధి చేసే ఖరీదైన కెటాలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేయకముందే బండి ఆపాలి.

చిన్న అపోహలకు పెద్ద వివరణ అక్కరలేదు. దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు ఆదా కాదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్షన్ ఇంజిన్ ఇంధనాన్ని ఆపేస్తుంది, న్యూట్రల్‌లో మాత్రం ఐడిలింగ్ కోసం తాగుతూనే ఉంటుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ ఐడిలింగ్‌లో కొంత వణకడం సహజం, కొత్తగా మొదలైన వణుకు మాత్రం మౌంటింగ్‌లనో ప్లగ్గులనో చూడమంటున్నట్టు. బ్రేక్ ఫ్లూయిడ్ తగ్గకపోయినా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ ప్రమాణాల ప్రకారం కొత్తదానికి కనీసం 230 డిగ్రీలుండే మరుగు స్థానం, తేమ పట్టాక 155 వరకు పడిపోవచ్చు.

చివరగా, పాత చిన్న కారు కొనేవారు మీటరులో తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోతారు. ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన బండిలో రబ్బరు బుష్‌లు పగులుతాయి, బ్యాటరీ చచ్చుబడుతుంది, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది. టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెల గుర్తు చదవండి: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని. మీటరు తక్కువ చూపుతూ, టైర్లు బండి వయసువే అయి, వాటి గాడులు ఇంకా లోతుగా ఉంటే ఆ మీటరును కొంత నమ్మవచ్చు, కానీ ఆ టైర్లను మార్చే ఖర్చును బేరంలోనే కలుపుకోవాలి. లోపాలు దాగకుండా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వస్తానని అమ్మేవారికి ముందే చెప్పి, మీ కళ్ల ముందే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, ఎందుకు వేడి చేశారో అడగండి.