కీళ్ల నొప్పికీ గుండెకీ ఏటి సంబంధం సిస్టరమ్మా?

విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. బీపీ, షుగర్, గుండె జబ్బుల వాళ్లను చూసే గదిలో నా డ్యూటీ. పని సగం సూది, సగం మాట. డాక్టరు గారి ముందు "సరేనండి" అని తలూపి వచ్చేసినవాళ్లు, మందుల వరసలో నిలబడి నన్ను అసలు మాట అడుగుతారు. ఇది ఆ అడిగిన మాటల్లోంచే రాస్తున్నాను. కీళ్ల జబ్బు ముసలివాళ్లదనీ, గుండె జబ్బు డబ్బున్నవాళ్లదనీ, రెంటికీ సంబంధమే లేదనీ మావైపు గట్టి నమ్మకం. నేను చూసే మనుషుల్లో మాత్రం ఈ రెండూ చాలాసార్లు ఒకే ఒంట్లో, ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

అపోహ: పిల్లల కీళ్ల నొప్పులు ఎదిగే నొప్పులే, పసరు రాస్తే పోతాయి

చాలావరకు ఆ మాట నిజమే. రాత్రి పిక్కలు లాగుతున్నాయని ఏడ్చి, పొద్దున్నే లేచి వీధిలో పరిగెత్తే గుంటడి గురించి నాకు భయం లేదు. నాకు టెన్షన్ పెట్టేది వేరే రకం. వయసు ఐదుకీ పదిహేనుకీ మధ్య ఉంటుంది. రెండు మూడు వారాల కిందట గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. ఇప్పుడు మోకాలు వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా కేక పెడతాడు. రెండు రోజులకి మోకాలు తగ్గి చీలమండ వాస్తుంది, తర్వాత మోచెయ్యి. ఇలా వాపు కీలు మార్చుకుంటూ తిరుగుతుంటే అది రుమాటిక్ జ్వరం కావచ్చు.

గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా చేరినప్పుడు దాన్ని చంపడానికి ఒంట్లో పుట్టిన రోగనిరోధక శక్తి, కొందరు పిల్లల్లో దారి తప్పి సొంత కీళ్ల మీద, గుండె కవాటాల మీద (గుండెలో రక్తం ఒకవైపే పోయేలా తెరుచుకుని మూసుకునే తలుపులు, వాల్వులు) పడుతుంది. వైద్యుల్లో ఒక పాత మాట ఉంది: ఈ జ్వరం కీళ్లను నాకి వదిలేస్తుంది, గుండెను కరుస్తుంది. కీళ్ల వాపు కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, వంకర కూడా మిగలదు. ఇంట్లోవాళ్లు మర్చిపోతారు. గుండె ఎడమవైపు మైట్రల్ కవాటం ఏళ్ల తరబడి గట్టిపడుతూ, ఇరుకవుతూ పోయేది ఆ తర్వాతే.

ఇక్కడ ఒక చిక్కుంది. నొప్పి మాత్ర పడితే ఈ వాపు ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది. "సూదేశాడు, ఇట్టే తగ్గిపోనాది" అని ఊళ్లో వైద్యం చేసే ఆయనకి పేరొస్తుంది. గుండెకి ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించాల్సిన పిల్ల బడికి వెళ్లిపోతుంది. కొన్నేళ్లకి పెళ్లయి, ఐదో నెలో ఆరో నెలో కడుపుతో, ఆయాసపడుతూ ఆసుపత్రికి వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఇరుకైన కవాటం అంత రక్తాన్ని వదల్లేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. "కడుపుతో ఉన్న మనిసికి ఆయాసం రాదేటి?" అని అత్తగారు అడుగుతుంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం వేరమ్మా. పడుకోగానే ఊపిరాడక లేచి కూర్చుంటోందంటే మాత్రం ఏ నెలైనా, ఏ వేళైనా ఆసుపత్రికి తీసుకురావాల్సిందే.

అపోహ: పిల్ల బాగానే ఉంది కదా, మూడు వారాలకోసారి సూదెందుకు?

రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకి చేసే ఈ సూది గురించి కాస్త ఎక్కువే రాస్తాను. మధ్యలో మానేసేది ఎక్కువగా ఈ సూదినే మరి.

ఇది బెంజాథిన్ పెన్సిలిన్. చిన్న సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. నీళ్లు ఎక్కించి, సీసాని రెండు అరచేతుల మధ్య దొర్లిస్తే చిక్కటి తెల్లమందు అవుతుంది. ఆలస్యం చేస్తే సూదిలోనే అడ్డుపడుతుంది, మళ్లీ ఇంకో పోటు. అందుకే లావు సూది పెట్టుకుని, కలిపిన వెంటనే పిర్ర కండలో లోతుగా ఎక్కిస్తాం. మెల్లగా తొయ్యాలి, గబగబా తోస్తే పిల్ల రెండు రోజులు కుంటుతుంది. మందు ఆ కండలోంచి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతూ దాదాపు మూడు వారాలు కాపలా ఉంటుంది. 21 రోజుల లెక్క అక్కడిదే. నెలకోసారి చేయించుకుంటామని బేరం పెట్టేవాళ్లుంటారు. చివరి వారం కాపలా పలచబడుతుంది, గొంతు ఇన్ఫెక్షన్ ఆ వారమే రావచ్చు.

ఈ సూది పాడైన కవాటాన్ని బాగుచెయ్యదు. మళ్లీ గొంతు ఇన్ఫెక్షన్ రాకుండా, వచ్చి ఆ కవాటాన్ని మళ్లీ కరవకుండా ఆపుతుంది. కాబట్టి "బాగానే ఉంది" అనిపించడమే అది పనిచేస్తోందని గుర్తు. గుండె దెబ్బతినని పిల్లలకి ఐదేళ్లు, లేదా 21 ఏళ్ల వయసు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. కవాటం దెబ్బతిని అలాగే ఉండిపోతే కనీసం పదేళ్లు, చాలామందికి నలభై ఏళ్లు వచ్చేదాకా. విశాఖలో ఆపరేషన్ చేసి కవాటం మార్చినా సూది ఆగదు. ఈ మాట విని తల్లులు నీరుగారిపోతారు, నాకూ చెప్పడం కష్టంగానే ఉంటుంది.

పెన్సిలిన్ పడక చచ్చిపోతారన్న భయం ఒకటుంది. తీవ్రమైన అలర్జీ నిజమే కానీ చాలా అరుదు. అందుకే ముందు అడుగుతాం, అలర్జీకి విరుగుడుగా ఇచ్చే ఎడ్రినలిన్ మందు పక్కన పెట్టుకుంటాం, సూదయ్యాక అరగంట కూర్చోమంటాం. బస్సు టైమైపోతోందని ఆ అరగంట ఎగ్గొట్టకండి. కవాటం మరీ పాడై, ఆయాసంతో ఉన్నవాళ్లకి డాక్టర్లు సూది బదులు రోజూ వేసే మాత్ర రాయొచ్చు. అది డాక్టరు తేల్చాల్సిన సంగతి.

పనులకి విజయవాడ, చెన్నై, హైదరాబాదు వలస వెళ్లే కుటుంబాలకి ఇంకో మాట. ఈ సూది వివరాలు రాసిన కార్డు పెట్టెలో అడుగున పెట్టకండి. ఫోన్లో ఫొటో తీసుకోండి. అది చూపిస్తే ఎక్కడున్నా ప్రభుత్వాసుపత్రిలో సూది అడగొచ్చు.

దీనికి తలకిందుల అపోహ కూడా ఒకటుంది. ల్యాబులో ఏఎస్ఓ అనే రక్తం టెస్టు చేయించి, అంకె ఎక్కువొచ్చిందని పిల్లని గుండె రోగిని చేసేస్తారు. ఆ టెస్టు చెప్పేది ఈమధ్య స్ట్రెప్టోకాకస్ తగిలిందని మాత్రమే. బడికెళ్లే ఆరోగ్యవంతులైన పిల్లల్లో కూడా ఎక్కువ ఉండొచ్చు. కీలు వాపు, గుండె చప్పుడు, ఎకో చూడకుండా ఒక్క కాగితాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి సూదులు పొడిపించకండి.

అపోహ: మోకాలి నొప్పి మాత్ర మోకాలికే పోతుంది

"కాళ్లు పీకేస్తన్నాయి, ఉడుపులకెళ్లాలి, రెండు మాత్రలిచ్చెయ్యండి." ఉడుపుల కాలమంతా ఇదే మాట. నడుం వంచి రోజంతా బురదలో నిలబడే మనిషిని నొప్పి ఓర్చుకోమనే హక్కు నాకు లేదు. కానీ ఆ మాత్ర ఏం చేస్తుందో తెలియాలి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పూ నీరూ నిలవబెడతాయి. బీపీ పెంచుతాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి కాళ్ల వాపు, ఆయాసం తెస్తాయి. గుండెపోటు ముప్పు వాడిన మొదటి వారాల్లోనే పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరికను ఇంకా గట్టి చేసింది. గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు దానికి ముందు ఐబుప్రోఫెన్ వేస్తే ఆస్పిరిన్ పని చెడుతుంది. బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర, వాటిపైన నొప్పి మాత్ర, మూడూ కలిస్తే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. బీపీ ఎందుకు దిగట్లేదని మందులు మార్చుకుంటూ పోతాం. తీరా సంచి విప్పి చూస్తే అడుగున నొప్పి మాత్రల స్ట్రిప్పు.

పక్కన శ్రీకాకుళం జిల్లాలో, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి పెళ్లి సంబంధాలున్నవాళ్లకి కిడ్నీ జబ్బంటే చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బు నొప్పి మాత్రల వల్లే వచ్చిందంటే తప్పు, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ సగం పాడైన కిడ్నీ ఉన్న మనిషికి డైక్లోఫెనాక్ ఇస్తే మిగతా సగం కూడా ప్రమాదంలో పడుతుంది. ఆ వైపు నుంచి వచ్చినవాళ్లకి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు చూడకుండా నొప్పి మాత్ర ఇవ్వడం నాకు నచ్చదు. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను, పశువులకి డైక్లోఫెనాక్‌ని మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పలుగా చచ్చిపోయాయి. మనిషి రాబందు కాదు, నిజమే. మనిషికి ఇంకా నిషేధం లేదు కాబట్టి జాగ్రత్త మనమే పడాలి.

మరి ఏం చెయ్యాలి? ముందు పారాసెటమాల్, చెప్పిన మోతాదులో. మోకాలికైతే పైన రాసే జెల్, దాన్లోంచి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, తొడ కండ బిగించి పది లెక్కపెట్టి దించడం, రెండు పూటలా. నవ్వకండి, తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

కాగితంలో చుట్టి ఇచ్చే రంగురంగుల విడి మాత్రలతో ఇంకో గండం. పేరుండదు, తేదీ ఉండదు. మర్నాటికి నొప్పి మాయం, ఆకలి బాగా, మొహం నున్నగా గుండ్రంగా. ఒళ్లు చేసిందని సంతోషపడతారు. అది స్టెరాయిడ్ అయ్యుండొచ్చు. నెలల తరబడి పడితే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. నా మాట విని ఇవాళే ఠక్కున మానేయకండి, అదీ ప్రమాదమే. ఆ పొట్లం పట్టుకుని రండి, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు.

అపోహ: చుట్ట పొగ మింగం కదా, గుండెకి పోదు

మా ఆడవాళ్ల అడ్డపొగ సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. దాని వల్ల అంగిట్లో పుండు, క్యాన్సర్ వస్తాయని ఇప్పటికి చాలామందికి తెలిసింది. గుండె సంగతి తెలీదు. చుట్ట పొగలోని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేదు, నోటి పొరలోంచే రక్తంలో కలుస్తుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. పొగతాగడం కీళ్లవాతం వచ్చే ముప్పును కూడా పెంచుతుంది. "మా అమ్మ తొంభై ఏళ్లు కాల్చింది" అనే అప్పలతో నేను వాదించను. రోజుకి ఎన్ని చుట్టలు కాలుస్తుందో అడుగుతాను, వచ్చే నెలకి ఒకటి తగ్గించి రమ్మంటాను. ఒకటి తగ్గితే ముప్పు పోయినట్టు కాదు, పూర్తిగా మానాల్సిందే. కానీ ఒకటి తగ్గించి వచ్చిన మనిషి మళ్లీ నా మాట వింటుంది.

అపోహ: వేళ్లు బిగుసుకోవడం వయసు లక్షణం

ముప్పై అయిదేళ్ల మనిషి పొద్దున్న లేచాక చెంబు పట్టుకోలేకపోతోంది, గంట గడిస్తే గానీ వేళ్లు వంగట్లేదు, రెండు చేతులకీ ఒకేలా వాపు. అది అరుగుదల కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ. పైన చెప్పిన పిల్లల రుమాటిక్ జ్వరం వేరు, ఇది వేరు. ఇది కవాటం కంటే ఎక్కువగా రక్తనాళాల మీద పడుతుంది. ఈ జబ్బున్నవాళ్లకి గుండె జబ్బు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. అందుకని చేతుల వాపుకి వచ్చినవాళ్లకి కూడా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూస్తాం. "చేతులకొస్తే రక్తం తీస్తారేటి" అని కోప్పడకండి.

దీనికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. నేను స్ట్రిప్పు మీద వారం పేరు పెన్నుతో రాసిస్తాను. చదువు రానివాళ్లకి "మీ ఊరి సంత ఏ రోజు?" అని అడిగి ఆ రోజే వెయ్యమంటాను.

ఇంకొన్ని, గబగబా

వంకాయ, చేమదుంప తింటే కీళ్లవాతం వస్తుందన్నదానికి ఆధారం లేదు. ఎండుచేప, ఊరగాయ, చద్దన్నంలో గుప్పెడు ఉప్పు మాత్రం బీపీకి నేరుగా పోతాయి. మనిషికి రోజంతా కలిపి ఒక టీస్పూను ఉప్పు దాటకూడదు. చోడి (రాగి) అంబలి మంచిదే, ఉప్పు చూసుకోండి.

నడిస్తే మోకాళ్లు అరిగిపోతాయన్నది ఉత్తమాట. నడక లేక బరువు పెరిగితే ఇంకా అరుగుతాయి. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవద్దు. చాలామందికి ఏ గుర్తూ ఉండదు, మిషను పెడితేనే తెలుస్తుంది.

అపోహ: గుండెపోటంటే ఎడమ చెయ్యి లాగాలి, లేకపోతే గ్యాసే

ఛాతీ మధ్యలో బరువు, దవడలో నొప్పి, పై పొట్టలో మంట, చల్లటి చెమట, వాంతి, ఊరికే నీరసం, వీటిలో ఏదైనా కావచ్చు. ఆడవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి లేకుండానే రావచ్చు. సోడా తాగి, వాము నమిలి, తెల్లారాక చూద్దామని పడుకునేవాళ్లు పోగొట్టుకునేది గుండె కండరాన్ని. మూసుకుపోయిన రక్తనాళం తెరిచే మందు మొదటి గంటల్లో పడితేనే ఎక్కువ కండ దక్కుతుంది. 108కి ఫోన్ చెయ్యండి. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేవడం మావైపు అలవాటు, అది వద్దు. దారిలో గుండె ఆగితే బైకు మీద ఎవరేం చెయ్యగలరు? పక్కింటాయన జేబులోని నాలుక కింద మాత్ర పెట్టేయకండి, బీపీ పడిపోయి ఉంటే అదే ముంచుతుంది. మొదటి ఈసీజీ బాగుందన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికెళ్లకండి, కాసేపాగి మళ్లీ తియ్యమని అడగండి.

గుండెకొచ్చినా కీళ్లకొచ్చినా, ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఫైలు మర్చిపోయినా ఫరవాలేదు. ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, ఖాళీ స్ట్రిప్పులు, కాగితం పొట్లాలు, నాటుమందు సీసాతో సహా ఒక సంచిలో వేసి తెండి. తిట్టం.