గేమ్‌లో మన సంగీతం: ఆడియో ఫార్మాట్ల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కి మ్యూజిక్ ప్యాక్‌లు తయారు చేస్తుంటాను. "అన్నా, పాట పెట్టాను, గేమ్‌లో వినిపించట్లేదు" అని అడిగేవాళ్లలో చాలామంది సమస్య ఫైల్ ఫార్మాట్ దగ్గరే తేలుతుంది. ఫార్మాట్ల గురించి నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వినేవాళ్లను ఉద్దేశించినవి. గేమ్ అవసరాలు వేరు: ఏ ఫైల్ చదవగలదు, పాట ఆగకుండా తిరగాలా, ఒక చోటు నుంచి వినిపించాలా, ఎంత మెమరీ తింటుంది. ఇవి తెలిస్తే ఫార్మాట్ ఎంచుకోవడం తేలికే.

అపోహ: ఎంపీ3 ఫైల్ పేరు చివర ఓజీజీ అని మారిస్తే చాలు.

పేరు మారినంత మాత్రాన లోపలి డేటా మారదు. చాలా మ్యూజిక్ ప్లేయర్లు పేరుని పట్టించుకోకుండా లోపలేముందో చూసి పాడేస్తాయి, అందుకే ఈ నమ్మకం ఇంకా నడుస్తోంది. మైన్‌క్రాఫ్ట్ రిసోర్స్ ప్యాక్‌లో (గేమ్‌లోని శబ్దాలు, బొమ్మలు మార్చే ఫోల్డర్) ఓగ్ వోర్బిస్, అంటే వోర్బిస్ పద్ధతిలో కుదించిన ఓజీజీ ఫైల్, ఉండి తీరాలి. అనుమానంగా ఉంటే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి, కంగారు పడకండి, సేవ్ మాత్రం చేయకండి. అసలైన ఓజీజీ అయితే మొట్టమొదట ఓ, జీ, జీ, ఎస్ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. ఐడీ3 అని మొదలైతే అది దాదాపుగా ఎంపీ3యే. ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ కనిపిస్తే వేవ్ ఫైల్ అనుకోవచ్చు.

ఓజీజీ అని తేలినా పని అయిపోలేదు. అది కంటెయినర్ మాత్రమే, అంటే శబ్దాన్ని దాచే డబ్బా లాంటిది. లోపల వోర్బిస్ ఉండొచ్చు, 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ కూడా ఉండొచ్చు. ఆ మొదటి వరుసలోనే కాస్త ముందుకి వెళ్తే వోర్బిస్ అనో, ఓపస్‌హెడ్ అనో ఉంటుంది. తక్కువ బిట్‌రేట్‌లో (సెకనుకి వాడే డేటా తక్కువైనప్పుడు) ఓపస్ చాలా మంచి కోడెక్, అంటే శబ్దాన్ని కుదించే పద్ధతి. కానీ మైన్‌క్రాఫ్ట్ దాన్ని చదవదు, కాబట్టి వోర్బిస్‌లోకి మార్చక తప్పదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పాట తెరిచి ఓగ్ వోర్బిస్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుంది.

ఈ గందరగోళానికి ఇంకో కారణం, ఒక్కో గేమ్‌ది ఒక్కో పద్ధతి కావడం. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో డాక్యుమెంట్స్ కింద ఉండే మ్యూజిక్ ఫోల్డర్‌లో ఎంపీ3 పడేస్తే లారీ నడుపుతూ వినొచ్చు. ఒక గేమ్‌లో పనిచేసింది కదా అని ఇంకో గేమ్‌లోకి తీసుకెళ్తే కుదరదు.

అపోహ: ఎంపీ3 కన్నా ఓజీజీ క్వాలిటీ గొప్పది, గేమ్‌లు దాన్ని వాడేది అందుకే.

క్వాలిటీ ఒక్కటే కారణం కాదు, లైసెన్స్ ఫీజు కూడా పెద్ద కారణం. ఎంపీ3 మీద పేటెంట్లు ఉన్న రోజుల్లో, 5,000 కాపీలు దాటిన ఒక్కో గేమ్‌కి 2,500 డాలర్లు కట్టాల్సి వచ్చేది. 2002లో వెర్షన్ 1.0 విడుదలైన వోర్బిస్‌కి ఫీజు లేదు. ఎంపీ3 లైసెన్సింగ్ 2017లో ముగిసింది. కానీ అప్పటికే ఎన్నో గేమ్‌లు ఓజీజీకి అలవాటుపడిపోయాయి.

అపోహ: లూప్‌కి (ఆగకుండా తిరిగే పాటకి) ఏ ఫార్మాట్ అయినా ఒకటే.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే సంగీతం నిజంగా దెబ్బతినేది ఇక్కడే. డిజిటల్ శబ్దం అంటే సెకనుకి వేల సార్లు కొలిచిన విలువలు, వాటినే శాంపిళ్లు అంటారు. ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిళ్ల ముక్కలుగా దాస్తుంది. పాట నిడివి ఆ లెక్కకి సరిపోకపోతే చివరి ముక్కని నిశ్శబ్దంతో నింపుతుంది. పాట మొదట్లో ఎంపీ3 తయారు చేసే లేమ్ ఎన్‌కోడర్ 576 శాంపిళ్లు కలుపుతుంది, ఫైల్‌ని విప్పి వినిపించే డికోడర్ ఇంకో 529 కలుపుతుంది. మొత్తం 1,105 శాంపిళ్లు, అంటే 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి 44,100 శాంపిళ్లు) పాటలో దాదాపు 25 మిల్లీసెకన్లు. పైగా చివర్లో మిగిలే ఖాళీ. ఎంత నిశ్శబ్దం కలిపిందీ లేమ్ ఫైల్‌లో రాసిపెడుతుంది, కొన్ని ప్లేయర్లు అది చూసి కత్తిరిస్తాయి. గేమ్ కూడా ఆ పని చేస్తుందన్న నమ్మకం లేదు. ఒకసారి మోగి ఆగిపోయే పాటలో ఇది ఎవరికీ తెలియదు. అదే మృదంగం మీద ఆది తాళం లూప్ అనుకోండి, ఆవర్తనం తిరిగి సమం మీద పడే చోట ప్రతిసారీ తడబాటు వినిపిస్తుంది. ఒకసారి చెవికి దొరికిందంటే ఇక వదలదు.

వోర్బిస్ ఫైల్‌లో పాట సరిగ్గా ఎన్ని శాంపిళ్లో నమోదై ఉంటుంది కాబట్టి అతుకు తెలియకుండా తిప్పొచ్చు. గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఆర్‌పీజీ మేకర్ ఎంవీలో ఇంకా సౌకర్యం ఉంది. ఓజీజీ ట్యాగ్‌లలో లూప్‌స్టార్ట్, లూప్‌లెంగ్త్ అని ఇంగ్లిష్‌లో రెండు పేర్లు పెట్టి శాంపిళ్ల లెక్క రాస్తే, ఆలాపన ఒక్కసారే వినిపించి ఆ తర్వాతి భాగమే తిరుగుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ పాటలో ఆలాపన 8 సెకన్లయితే లూప్‌స్టార్ట్ 3,52,800. ట్యాగ్‌లో కామాలు లేకుండా అంకెలే రాయాలి.

అపోహ: 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) పాటని 320కి మారిస్తే క్లారిటీ పెరుగుతుంది.

పెరగదు. ఫైల్ సైజే పెరుగుతుంది. 128 ఎంపీ3లని ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) పెట్టి చూడండి, చాలా వాటిలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర పైభాగం కోసేసినట్టు కనిపిస్తుంది. పోయింది తిరిగి రాదు, మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. క్వాలిటీ తగ్గని ఫ్లాక్ గానీ వేవ్ గానీ ఉంటే దాన్నుంచి ఒక్కసారే ఓజీజీ చేయండి. ఆడాసిటీ క్వాలిటీ 5 దగ్గర స్టీరియో పాట సుమారు 160 కేబీపీఎస్ వస్తుంది. గేమ్ నేపథ్య సంగీతానికి అది హాయిగా సరిపోతుంది.

అపోహ: వేవ్ వాడటం చోటు దండగ.

సీడీ క్వాలిటీ వేవ్ నిమిషానికి దాదాపు 10 ఎంబీ, నిజమే. కానీ దాన్ని డీకోడ్ చేసే పని ఉండదు కాబట్టి ప్రాసెసర్ మీద భారం చాలా తక్కువ. 2014లో వచ్చిన టైటన్‌ఫాల్ గేమ్ పీసీ వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే దాదాపు 48 జీబీ, అందులో 35 జీబీ కంప్రెస్ చేయని ఆడియోనే. రెండు కోర్ల పాత ప్రాసెసర్లు ఇబ్బంది పడకూడదని తీసుకున్న నిర్ణయం అది. సొంతంగా గేమ్ చేస్తుంటే అడుగుల చప్పుడు, కత్తి శబ్దం లాంటి చిన్నవాటికి వేవ్, పాటలకి ఓజీజీ వాడటం మంచి పద్ధతి.

అపోహ: ఫైల్ 4 ఎంబీ అయితే ర్యామ్‌లోనూ 4 ఎంబీయే.

3 నిమిషాల ఓజీజీ 3.6 ఎంబీ ఉండొచ్చు. పూర్తిగా విప్పి మెమరీలో పెడితే అది సుమారు 32 ఎంబీ. అందుకే మైన్‌క్రాఫ్ట్ ప్యాక్‌లో శబ్దాల జాబితా ఉండే సౌండ్స్ జేసన్ ఫైల్‌లో కొత్త పాట చేర్చేటప్పుడు స్ట్రీమ్ అనే సెట్టింగ్ ట్రూ పెట్టాలి. అప్పుడు పాట కొంచెం కొంచెంగా లోడవుతుంది.

అపోహ: మోనో అంటే నాసిరకం.

మైన్‌క్రాఫ్ట్‌లో డిస్క్ పెడితే పాడే జ్యూక్‌బాక్స్ నుంచి వచ్చే పాట దూరం వెళ్లేకొద్దీ తగ్గాలంటే మోనో (ఎడమ, కుడి అని విడిపోని ఒకే శబ్దం) కావాలి. మైన్‌క్రాఫ్ట్ వాడే ఓపెన్‌ఏఎల్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ స్టీరియో శబ్దాన్ని ఫలానా చోటు నుంచి వచ్చేలా వినిపించదు. స్టీరియో డిస్క్ పెడితే పక్కనున్నా, దూరంగా నిలబడ్డా ఒకే సౌండు. నేపథ్య సంగీతానికి స్టీరియో, డిస్క్‌లకి మోనో.

అన్నీ సరిగ్గా ఉన్నా పాట రాకపోతే ఫైల్ పేరు చూడండి. చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్, చుక్క మాత్రమే చెల్లుతాయి. పెద్ద అక్షరం ఉన్నా, స్పేస్ ఉన్నా, పేరు తెలుగులో ఉన్నా గేమ్ ఒప్పుకోదు.

చివరిగా, ఓజీజీ ఉచితం కాబట్టి పాట కూడా ఉచితం అనుకునేవాళ్లున్నారు. ఫార్మాట్‌కే ఫీజు లేదు. సినిమా పాటని ఓజీజీ చేసినా కాపీరైట్ ఎవరిదో వాళ్లదే. మీ కంప్యూటర్‌లో మీరు వినడం వేరు, ప్యాక్‌లో పెట్టి నలుగురికీ పంచడం వేరు. పంచేదైతే మీరే వాయించిందో, అనుమతి తీసుకున్నదో పెట్టండి.