పాడేవారి వెనుక రాసేవారు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

ఇంగ్లీషు పాప్ పాటలు పాడేవాళ్ళు వాటిని తామే రాసుకుంటారా, లేక మన సినిమాల్లో లాగా ఒకరు రాసి, మరొకరు బాణీ కట్టి ఇస్తే పాడతారా అని మీరు మొన్న అడిగారు. ఫోనులో తెమిలే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. రెండూ జరుగుతాయన్నది పొట్టి జవాబు. అయితే గత పాతికముప్పై ఏళ్ళలో ప్రపంచమంతా మోగిన పాటల్లో ఎన్నో, మీరెన్నడూ ముఖం చూడని కొద్దిమంది చేతుల మీదుగా వచ్చాయి. మా చిన్నతనంలో ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారు పాట వేసే ముందు రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో, గానం ఎవరిదో చెప్పేవారు. వినగా వినగా ఆ పేర్లు మాకు నోటికి వచ్చేసేవి. మీ ఫోనులో పాటతో పాటు గాయని బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది కనుక మీకు ఈ సందేహం రావడం సహజమే.

ముందుగా మ్యాక్స్ మార్టిన్ సంగతి చెప్పాలి. ఈయన అసలు పేరు కార్ల్ మార్టిన్ శాండ్‌బర్గ్, దేశం స్వీడన్, పుట్టింది 1971లో. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1958 నుంచి ప్రతి వారం నూరు పాటల జాబితా ప్రకటిస్తోంది. అందులో మొదటి స్థానానికి చేరిన పాటల్లో 25కు పైగా ఈయన రాసినవో, ఇతరులతో కలిసి రాసినవో ఉన్నాయి. రచయితల లెక్కలో ఈయనకు ముందున్నది బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ ఒక్కరే. బ్రిట్నీ స్పియర్స్, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్, కేటీ పెర్రీ, టేలర్ స్విఫ్ట్, ది వీకెండ్, అరియానా గ్రాండే అందరికీ ఈయన పాటలున్నాయి. వీధిలో ఎదురుపడితే మాత్రం గుర్తుపట్టేవారు బహు తక్కువ.

స్వీడన్ వంటి చిన్న దేశం నుంచి ఇటువంటి మనిషి ఎలా వచ్చాడన్నది నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే అంశం. అక్కడ ఊరూరా పురపాలక సంఘాల ఆధ్వర్యంలో పిల్లలకు సంగీత పాఠశాలలు నడుస్తాయి. తన సంగీతానికి పునాది ఆ ప్రభుత్వ బళ్ళేనని మార్టిన్ స్వయంగా చెప్పుకున్నాడు. మన ఊళ్ళో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ మాట తలపుకు వస్తుంది. తరువాత మార్టిన్ ఒక రాక్ బృందంలో గాయకుడయ్యాడు. ఆ బృందం పెద్దగా పైకి రాలేదు. అతనిలోని అసలు ప్రతిభను పసిగట్టినవాడు డెనిజ్ పాప్. డెనిజ్‌కు వాయిద్యాలు వాయించడం పెద్దగా రాదు. క్లబ్బుల్లో రికార్డులు వేసే డీజేగా పనిచేసినవాడు కనుక ఏ చప్పుడుకు జనం లేచి ఆడతారో, ఎక్కడ నీరసపడి కూర్చుంటారో బాగా ఎరిగినవాడు. ఏస్ ఆఫ్ బేస్ అనే కొత్త బృందం పంపిన క్యాసెట్ అతని కారులోని ప్లేయర్‌లో ఇరుక్కుపోయి, గత్యంతరం లేక రోజూ అదే వినవలసి వచ్చిందనీ, వినగా వినగా అందులో ఏదో ఉందని తోచి ఆ బృందంతో పనిచేశాడనీ చెబుతారు. ఆ క్యాసెట్‌లోని పాట యూరప్‌ను ఊపేసింది. స్టాక్‌హోమ్‌లో అతడు నడిపిన షైరాన్ స్టూడియోలోనే మార్టిన్ పని నేర్చుకున్నాడు. 1998లో డెనిజ్ క్యాన్సర్‌తో, 35 ఏళ్ళకే పోయాడు.

అదే సంవత్సరం వచ్చిన పాటే బ్రిట్నీ స్పియర్స్ మొదటి హిట్ ‘బేబీ వన్ మోర్ టైమ్’. దానిని ముందుగా టీఎల్‌సీ అనే అమెరికన్ బృందానికి ఇవ్వజూపితే వారు వద్దన్నారు. ఈసారి విన్నప్పుడు మొదటి కొన్ని క్షణాలు జాగ్రత్తగా వినండి. పియానో మీద మూడే మూడు స్వరాలు దెబ్బ వేసినట్లు పడతాయి, వెంటనే గొంతు వస్తుంది. పాట ఏదో పోల్చుకోవడానికి ఆ మూడు స్వరాలు చాలు. అది కాకతాళీయం కాదు; వినేవాడు స్టేషను మార్చేలోపు పట్టుకోవాలన్న లెక్కతో చేసిన పని.

మార్టిన్ పద్ధతిలో బాణీ ముందు, మాటలు తరువాత. ఒక పాదంలో ఎన్ని అక్షరాలు, ఎక్కడ ఊనిక పడింది అనేది చూసుకుని, జంట పాదంలోనూ అదే కొలత ఉండేలా చేస్తాడు. గణాలు, యతిప్రాసలు చదువుకున్న మనకు ఇది వింతగా తోచనవసరం లేదు. మన సినీకవులు సంగీతదర్శకుడు ‘తననా’ అని వినిపించిన ట్యూన్‌కి మాటలు కూర్చడమూ ఇటువంటిదే. అయితే మన కవికి అర్థం కూడా పొసగాలన్న పట్టింపు ఉంటుంది. స్వీడన్‌వారికి శబ్దం కుదిరితే చాలు. 1999లో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాడిన ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ మాటలను వరుసగా చదివితే పల్లవికీ చరణానికీ పొంతన కుదరదు. సరిగ్గా అర్థమయ్యేలా మాటలు మార్చి మరోసారి రికార్డు కూడా చేశారు. విని చూసుకుని, మళ్ళీ మొదటి మాటలనే ఉంచేశారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ఇది మింగుడుపడదు, కానీ పాట ఆ అర్థం లేని మాటలతోనే బాగుందని ఒప్పుకోక తప్పదు.

ఇక ప్రొడ్యూసర్ సంగతి. మన సినిమాల్లో లాగా డబ్బు పెట్టే నిర్మాత అనుకోకండి. ఏ వాయిద్యం ఎక్కడ రావాలి, గాయని ఏ వాక్యాన్ని మళ్ళీ పాడాలి, చివరికి పాట చెవికి ఎలా వినిపించాలి అన్నది నిర్ణయించేవాడు. మీ నాన్న చిన్నప్పుడు అరిగిపోయేదాకా విన్న మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌కు 1982లో ఆ పని చేసినవారు క్విన్సీ జోన్స్. అందులో జాక్సన్ స్వయంగా రాసుకున్న పాటలూ ఉన్నాయి, కానీ ఆ ‘థ్రిల్లర్’ పాట మాత్రం రాడ్ టెంపర్టన్ అనే ఇంగ్లండు రచయితది. ఇప్పుడు పని మరింత ముక్కలైంది. ఒకరు తాళమూ వాయిద్యాలూ కలిపిన ట్రాక్ తయారు చేస్తారు, మరొకరు దాని మీద గొంతుతో వరుసా మాటలూ వెతుకుతారు. నార్వేకు చెందిన స్టార్‌గేట్ జంట ఈ పద్ధతిలో ఆరితేరింది. రిహానా 2012లో పాడిన ‘డైమండ్స్’కు ట్రాక్ సిద్ధం చేసినవారిలో వారూ ఉన్నారు, మాటలూ వరుసా కూర్చినది సియా, ఆమె స్వయంగా గాయని. ఇంతమంది చేతులు పడటం వల్లనే నేటి పాటలు కొన్ని ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోరని తెలుసు.

ఈ గుంపులో చేరని మనిషి డయాన్ వారెన్. కాలిఫోర్నియాకు చెందిన ఈమె చాలావరకు ఒంటరిగానే మాటలూ బాణీ రాస్తారు. పాటల హక్కులను చూసుకునే సంస్థ కూడా ఆమె సొంతమే. ఏరోస్మిత్ అనే పేరుమోసిన రాక్ బృందానికి బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానం దక్కింది ఒకే ఒక్కసారి, అది 1998లో ఈమె రాసిచ్చిన పాటతోనే. ఆమె పాటలు రాసుకునే గదిని సెంటిమెంటు కొద్దీ దశాబ్దాలుగా శుభ్రం చేయనివ్వలేదట. ఈ వాక్యం మీ అమ్మకు చదివి వినిపించకండి. 2023 మార్చిలో ఆస్కార్ ఉత్తమ గీతానికి పోటీపడ్డ ఐదు పాటల్లో ఈమెదీ ఒకటి. అది ఆమెకు 14వ నామినేషన్. ఆ రాత్రి గెలిచినది మన ‘నాటు నాటు’. వేదిక మీద ఆ పాటను పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. బొమ్మ అందుకున్నవారు బాణీ కట్టిన కీరవాణి, మాటలు రాసిన చంద్రబోస్. ఆ బహుమతి పాటను సృష్టించినవారికి తప్ప పాడినవారికి ఇవ్వరు. మీరు అప్పుడు అన్యాయమని అలిగారు గానీ, రాసినవారి పేరు ప్రపంచానికి వినిపించే కొద్ది సందర్భాలలో అది ఒకటి.

మన గడపకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’ పాటలో రివ్వున దూసుకువచ్చే వయొలిన్ల బిట్ ఉంది కదా, అది 1981 నాటి హిందీ చిత్రం ‘ఏక్ దూజే కే లియే’లోని ‘తేరే మేరే బీచ్ మే’ పాట నుంచి తీసుకున్నది. సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్, గానం లతా మంగేష్కర్, మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఆ సినిమా 1978 నాటి మన ‘మరో చరిత్ర’కు హిందీ రూపమే. బ్లడ్‌షై అండ్ అవాంట్ అనే స్వీడన్ ప్రొడ్యూసర్లు, ఇంగ్లండుకు చెందిన క్యాథీ డెన్నిస్ మొదలైనవారు కలిసి దాని చుట్టూ కొత్త పాట అల్లారు. దానికి 2005లో అమెరికావారి సంగీత బహుమతి గ్రామీ వచ్చింది. రెండు పాటలూ వెంటవెంటనే పెట్టుకుని వినండి, ఎక్కడ కత్తిరించారో మీకే దొరుకుతుంది.

అనుమతి తీసుకుని వాడుకోవడం ఒకటి, అడగకుండా పోలికలు రావడం మరొకటి. 2015లో అమెరికాలో ఒక జ్యూరీ ‘బ్లర్డ్ లైన్స్’ అనే పాట అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1977 నాటి పాటను అనుకరించిందని తేల్చి లక్షల డాలర్ల పరిహారం విధించింది. అప్పటి నుంచి కంపెనీలు పాట విడుదలకు ముందే సంగీత నిపుణులతో పోలికలు చూపించుకుంటున్నాయి. అనుమానం ఉంటే పాతవారి పేరు కూడా రచయితల్లో చేర్చేస్తున్నాయి. పేరు చేరిందంటే వాటా చేరినట్లే. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవారికి డబ్బు ముడుతుంది, పాడినవారికి ముట్టదు. మన దేశంలో రచయితలు, సంగీతదర్శకులు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు పూర్తిగా రాసిచ్చేయకుండా కాపాడేలా 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఎందరో మహానుభావులు ఒక్కసారి ఇచ్చిన పారితోషికంతోనే సరిపెట్టుకున్నారు.

మీ ఫోనులో పాట పక్కన ఉండే మూడు చుక్కలు నొక్కితే ఈ పేర్లన్నీ వస్తాయి. ‘బ్లైండింగ్ లైట్స్’ తెరిచి చూడండి. 2021లో బిల్‌బోర్డ్ తన జాబితా చరిత్రలో అన్ని కాలాలకూ మొదటి పాటగా ప్రకటించినది అదే. రచయితలు ఐదుగురు, వారిలో మ్యాక్స్ మార్టిన్ ఉన్నాడు, ఏబెల్ టెస్ఫాయే కూడా ఉన్నాడు. ఏబెల్ అంటే పాడిన ది వీకెండే. కనుక గాయకుడు ఉత్తుత్తి బొమ్మ అనుకోవడమూ పొరపాటే.

మీరూ మీ గదిలో కూర్చుని సొంతంగా పాట చేస్తామంటున్నారు కాబట్టి ఇంకొక్కరి సంగతి. అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ 2019 నాటి మొదటి ఆల్బమ్‌ను ఆమె అన్న ఫిన్నియస్ లాస్ ఏంజిలస్‌లోని సొంత ఇంట్లో, తన పడకగదిలోనే రికార్డు చేశాడు. మరుసటి సంవత్సరం గ్రామీలలో ఉత్తమ ప్రొడ్యూసర్ బహుమతి అతనికే వచ్చింది. అయితే వాళ్ళ దగ్గర ముందు పాటలున్నాయి. మైకు కొనిపెట్టమని మీ నాన్నను అడిగే లోపల మీరూ ఒక పల్లవి, ఒక చరణం రాసి, బాణీ ఫోనులో పాడి నాకు పంపండి. కొలత ఎక్కడ తప్పిందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి పంపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య