టీచర్ పనితీరు, జీతం: నేను తరచూ వినే అపోహలు

టీచర్ల పనితీరు చూడడం నా ఉద్యోగం. క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటాను, మార్కుల రిజిస్టర్లు తిరగేస్తాను, ఇంక్రిమెంట్ల చర్చలోనూ ఉంటాను. అక్కడ మళ్లీ మళ్లీ వినబడే కొన్ని మాటల వల్ల మంచి టీచర్లే ఎక్కువ నష్టపోతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పిల్లల మార్కులు చూస్తే టీచర్ ఎలా చెబుతున్నారో తెలిసిపోతుంది.

వాస్తవం: పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో మార్కులు చెబుతాయి, ఎక్కడి నుంచి మొదలుపెట్టారో చెప్పవు. కూడికలు కూడా రాని పిల్లల్ని ఏడాదిలో భాగహారం దాకా తీసుకొచ్చిన టీచర్ క్లాసు సగటు 48 ఉండొచ్చు, ముందే బాగా చదివే సెక్షన్ దొరికినవాళ్లది 80 ఉండొచ్చు. పైగా కష్టమైన సెక్షన్‌ను చాలాసార్లు నమ్మకమున్న టీచర్‌కే అప్పగిస్తారు, అంటే ఈ లెక్కలో దెబ్బ తినేది వాళ్లే. ఏడాది మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒకటి పెట్టి తేడా చూడడం కొంత నయం, కానీ ముప్పై మంది క్లాసులో నలుగురు జ్వరంతో పరీక్ష రాసినా సగటు కదిలిపోతుంది. పిల్లల స్కోర్ల మధ్య కనిపించే తేడాల్లో టీచర్ వాటా 1 నుంచి 14 శాతమేనని చాలా అధ్యయనాల్లో తేలిందని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ (అక్కడి గణాంక నిపుణుల సంఘం) 2014లో ప్రకటించింది. అలాగని టీచర్ ముఖ్యం కాదని కాదు. ఒక్క ఏడాది అంకె పట్టుకుని ఎవరి జీతమూ తేల్చకూడదు, రెండు మూడేళ్ల లెక్క చూడాల్సిందే.

అపోహ: బోనస్ ఇస్తే అందరూ బాగా చెబుతారు. (దీనికి పూర్తి వ్యతిరేకమైన మాటా వింటుంటాను: బోనస్ వల్ల ఏమీ మారదని.)

వాస్తవం: రెండూ తప్పే. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 2005లో ఒక ప్రయోగం మొదలైంది. వంద బడుల్లో ఎవరి బోనస్ వాళ్లకే, మరో వంద బడుల్లో బడి మొత్తానికి కలిపి. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. అయినా రెండేళ్లకు ఆ పిల్లలు బోనస్ లేని బడుల పిల్లల కంటే లెక్కల్లోనూ భాషలోనూ ముందున్నారు. టీచర్ల గైర్హాజరు తగ్గలేదు, వచ్చిన రోజుల్లో మాత్రం అదనపు క్లాసులు, హోంవర్క్, ప్రాక్టీస్ పరీక్షలు పెరిగాయి. అదే అమెరికాలోని నాష్‌విల్‌లో 2006 నుంచి మూడేళ్లపాటు లెక్కల టీచర్లకు 15,000 డాలర్ల వరకు ఇస్తామన్నా మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. ఆ రెండు చోట్లకీ పోలికలు తక్కువే, కానీ నాకు ముఖ్యంగా కనిపించేది రూలు. ఆంధ్రలో పిల్లల సగటు ఎంత పెరిగితే అంత బోనస్, కాబట్టి ప్రతి పిల్లాడూ లెక్కలోకి వస్తాడు. నాష్‌విల్‌లో గీత చాలా పైన గీశారు, అది దాటితేనే డబ్బు. పాస్ పర్సెంటేజ్ మీద ఇచ్చే బోనస్‌తోనూ చిక్కు ఇదే: 33, 34 మార్కుల దగ్గర ఉన్నవాళ్ల మీదే ధ్యాస, మిగతా క్లాసు గాలికి.

అపోహ: కాపీలు చేయించేది చెడ్డ టీచర్లే.

వాస్తవం: అమెరికాలోని అట్లాంటాలో 2011 నాటి విచారణ నివేదిక, పిల్లల పరీక్షల్లో అక్రమాలు చేశారంటూ 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటపెట్టింది. అంతమంది ఒకేసారి చెడిపోరు. టార్గెట్ల టెన్షన్ ఎంతుందో చూడాలి.

అపోహ: క్లాస్ అబ్జర్వేషన్ ఫారం ఉంటే పక్షపాతం ఉండదు.

వాస్తవం: ఈ మధ్య ఒక క్లాసులో ఒక పాప 52లోంచి 37 తీసేసి 25 అని రాసింది. టీచర్ తప్పు అనకుండా ఎలా చేశావో చెప్పమన్నారు. ‘7లోంచి 2 తీస్తే 5, 5లోంచి 3 తీస్తే 2’ అంది పాప. ఆవిడ పుల్లల కట్టలు తెచ్చి, ఒక పది కట్టను పాప చేతే విప్పించి మళ్లీ లెక్కపెట్టించారు. పాఠం చాలాసేపు ఆగింది. నా ఫారంలో ‘సిలబస్ వేగం’ అని గడి ఉంది, దాని ప్రకారం ఆ సమయమంతా వృథా. పిల్లలు ఎక్కడ తడబడ్డారో పట్టుకున్నారా అనే గడి లేదు. ఆ గడి పెట్టించడానికి ప్రయత్నిస్తున్నాను. దాంతోపాటు ఇంకోటి కూడా అడుగుతున్నాను: క్లాసు చూసి సలహా ఇచ్చే మనిషి, ఇంక్రిమెంట్ తేల్చే మనిషి ఒకరే కాకూడదు. జీతం నా చేతిలో ఉందని తెలిస్తే ఏ టీచరైనా తనకు భిన్నాలు చెప్పడం కష్టంగా ఉందని నాతో ఎందుకంటారు?