మోకాలి ఎత్తులో విశాఖ

విశాఖలో ఫోటోలు తీయాలంటే ఎవరైనా మొదట కైలాసగిరి ఎక్కమంటారు, లేదా రుషికొండ పొమ్మంటారు. రెండూ అందమైన చోట్లే. కానీ అక్కడ తీసిన ఫోటోలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి. అందరూ నిలబడి, ఫోన్‌ను ముఖం ఎదురుగా పట్టుకుని, దూరాన ఉన్న సముద్రాన్నే తీస్తారు మరి. ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి చూడండి. చేపల బుట్టలు కడిగిన నీళ్ళు జెట్టీ మీద మడుగు కడతాయి. చీర కుచ్చిళ్ళు, ప్యాంటు అంచులు ఎత్తిపట్టుకుని జనం దాటిపోయే ఆ మడుగులో, కూర్చుని చూస్తే, బోట్లూ జెండాలూ ఆకాశమూ అన్నీ ఉంటాయి.

నిలబడితే అవి కనిపించకపోవడానికి కారణం ఉంది. నీటి మీద పడిన వెలుగులో ఎంత వెనక్కి వస్తుందన్నది చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. మడుగులోకి నిటారుగా తొంగి చూస్తే 2 శాతమే వెనక్కి వస్తుంది. మిగతాది లోపలికి పోతుంది కాబట్టి అడుగున ఉన్న సిమెంటూ బురదా కనిపిస్తాయి. 45 డిగ్రీల వాలులో చూసినా 3 శాతం దాటదు. అదే ఫోన్‌ను నీటికి 5 సెంటీమీటర్ల ఎత్తుకు దించి, 60 సెంటీమీటర్ల అవతల ఉన్న నీటిని చూడండి. చూపుకూ నీటికీ మధ్య కోణం 5 డిగ్రీలకు తగ్గుతుంది, వెనక్కి వచ్చే వెలుగు దాదాపు 60 శాతానికి చేరుతుంది. అంటే ఇరవై రెట్లు! ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రవేత్త ఫ్రెనెల్ 1820లలోనే దీనికి సూత్రాలు రాశాడు. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నీటికి ఇంకా దగ్గరవుతుంది. వాన వెలిశాక రాత్రిపూట జగదాంబ జంక్షన్‌లో రోడ్డు వార నిలిచిన నీళ్ళకూ ఇదే లెక్క.

హార్బర్‌లో ఇంకో వింత ఉంది, నాకు చాలా ఇష్టమైనది. నీళ్ళలో కనిపించే బోటు పైనున్న బోటుకు అచ్చు నకలు అనుకుంటాం. నిజానికి కెమెరా నీటికి ఎంత ఎత్తులో ఉందో, నీటి కింద అంతే లోతున ఇంకో కెమెరా ఉండి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో, ప్రతిబింబంలో అదే కనిపిస్తుంది. జెట్టీ మీద నుంచి చూస్తే బోటు డెక్కూ, దాని మీద కుప్పపోసిన వలలూ కనిపిస్తాయి. నీళ్ళలోని బోటుకు ఆ డెక్కే ఉండదు. ముందుకు సాగిన ముక్కు అడుగుభాగం, పక్కన వేలాడే టైర్ల కింది అంచులు, రంగు పెచ్చులూడిన చెక్క కనిపిస్తాయి. ఒకే ఫ్రేములో ఒకే బోటును పై నుంచీ కింద నుంచీ చూసినట్టన్నమాట. చేపల వేలంపాట సాగే వేళ మనుషుల్ని తీయాలంటే మాత్రం ముందు అడగాలి. అది వాళ్ళు పని చేసుకునే చోటు.

నీరు కాస్త కదిలిందంటే ప్రతిబింబం నిలువుగా సాగుతుంది. చిన్న అలలు అన్ని దిక్కులకూ వాలినా, తక్కువ ఎత్తు నుంచి చూసేవారికి తమవైపో, అవతలివైపో వాలిన అలలే బొమ్మను ఎక్కువగా జరుపుతాయి. అందుకే జెట్టీ మీద చుక్కలా ఉన్న లైటు నీళ్ళలో పొడుగాటి గీత అవుతుంది. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో సూర్యుడి కింద పరుచుకునే మెరుపు దారి పుట్టేదీ ఇలాగే. గాలి పెరిగితే అలల వాలు పెరిగి ఆ దారి వెడల్పవుతుంది. చార్లెస్ కాక్స్, వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్తలు విమానం నుంచి తీసిన ఇలాంటి మెరుపు ఫోటోలను కొలిచి, గాలి వేగానికీ అలల వాలుకూ ఉన్న సంబంధాన్ని 1954లో ప్రచురించారు. ఉపగ్రహాల నుంచి సముద్రాన్ని పరిశీలించేవాళ్ళు ఇప్పటికీ ఆ లెక్క వాడుతున్నారు. మన దగ్గర ఈ దారి ఏడాది పొడవునా ఒకేచోట ఉండదు. సముద్రానికి ఎదురుగా నిలబడితే, జూన్‌లో సూర్యుడు ఎడమకు, కైలాసగిరి వైపు జరిగి ఉదయిస్తాడు. డిసెంబరులో కుడికి, డాల్ఫిన్ నోస్ కొండ వైపు జరుగుతాడు. మధ్యలో దాదాపు 50 డిగ్రీల తేడా ఉంటుంది.

మనకు సముద్రంలో సూర్యాస్తమయం లేదని గోవా వెళ్ళొచ్చినవాళ్ళు బాధపడుతుంటారు. మబ్బుల్లేని సాయంత్రం, సూర్యాస్తమయమైన పది నిమిషాలకు సముద్రం వైపే చూడమని వాళ్ళకు చెబుతాను. నీటి అంచున బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి లేస్తుంది. చాలామంది దాన్ని దూరపు మబ్బనుకుంటారు. అది భూమి నీడ! మనం నిలబడ్డ ఈ భూమే గాలి మీద తన నీడ వేస్తుంది. దాని పైన గులాబీ రంగు పట్టీని బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. పడమటి నుంచి గాలిలో చాలా దూరం వచ్చిన వెలుగులో నీలం దారిలోనే చెదిరిపోతుంది. మిగిలిన ఎరుపు తూర్పు ఆకాశాన్ని తాకి మన వైపు తిరిగి వస్తుంది. మన ప్రాంతంలో సూర్యుడు బాగా నిటారుగా దిగుతాడు కాబట్టి ఇదంతా త్వరగా అయిపోతుంది. ఆ కొద్దిసేపట్లోనే అల వెనక్కి తగ్గిన ప్రతిసారీ ఇసుక మీద పల్చటి నీటి పొర మిగులుతుంది. అది ఇంకిపోయేలోపు గులాబీ రంగంతా ఇసుక మీదే ఉంటుంది. ముంత కింద పప్పు బండి లైటు కూడా ఫ్రేములోకి వస్తే పసుపు, గులాబీ, నీలం మూడూ దొరుకుతాయి. ఫోన్ కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే ఆ రంగుల్ని తానే సరిదిద్ది చప్పగా చేసే ప్రమాదం ఉంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్ మీద పెట్టండి, ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుతురు) కాస్త తగ్గించండి.

నీటి మెరుపే అడ్డమయ్యే సందర్భాలూ ఉంటాయి. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట, పల్చటి నీళ్ళ కింద ఇసుక మీది గీతలు తీయాలనుకోండి. నిలబడి, రెండు మీటర్ల అవతల నీటిని చూస్తే చూపు నీటితో దాదాపు 37 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఆ కోణంలో వెనక్కి వచ్చే వెలుగు మొత్తం ఒకే దిశలో కంపిస్తుందని స్కాట్లాండ్ శాస్త్రవేత్త బ్రూస్టర్ 1815లో కనుక్కున్నాడు. ఒక దిశ కంపనాలను ఆపే పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాన్ని లెన్స్‌కు అడ్డుపెట్టి మెల్లగా తిప్పితే, ఒకచోట మెరుపు పోయి ఇసుక బయటపడుతుంది. ఫోన్‌ను నీటి దాకా దించితే మాత్రం ఈ చిట్కా అంతగా పనిచేయదు. అంత తక్కువ కోణంలో అన్ని దిశల కంపనాలూ వెనక్కి వస్తాయి. కాబట్టి నీటి అడుగు కావాలనుకున్నప్పుడు నిలబడే తీయాలి.